మోడల్ ట్యాంకు మీద ప్రతి మరకకూ ఒక కారణం ఉండాలి

స్కేల్ మోడల్ ట్యాంకులు కట్టే పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కువమంది ఆగిపోయేది అతికించే దగ్గర కాదు, రంగు వేసే దగ్గరా కాదు, వెదరింగ్ దగ్గర. ఎండకు, వానకు, మట్టికి, సిబ్బంది బూట్లకు, సొంత ఇంజిన్ పొగకు ఆ ట్యాంకు ఏమైందో చూపించే పని అది. కిట్ డబ్బాలో దాని గురించి పెద్దగా ఏమీ రాయరు. వీడియోలు చూస్తే ఒకరు ఫిల్టర్ అంటారు, ఒకరు పిన్ వాష్ అంటారు, ఇంకొకరు హెయిర్ స్ప్రే పట్టుకుని కూర్చుంటారు. ఏది ముందు, ఏది తర్వాత, అసలు ఏది ఎందుకు అన్నది మాత్రం తేలదు. మా బరంపురంలోనూ, అటు పర్లాకిమిడి, రాయగడల్లోనూ ఈ హాబీలోకి వస్తున్న కుర్రాళ్లు అడిగేవి దాదాపుగా ఇవే ప్రశ్నలు.

గందరగోళం ఎక్కడ పుడుతుందో ముందే చెప్పేస్తాను. వెదరింగ్‌లో రెండు వరసలు కలిసి నడుస్తాయి. మొదటిది ట్యాంకు జీవితం వరస. ఫ్యాక్టరీలో రంగు పడింది, రెజిమెంట్ గుర్తులు పడ్డాయి, మనుషులు ఎక్కి దిగారు, రంగు అరిగింది, అరిగిన చోట సన్నగా తుప్పు పట్టింది, నూనె కారింది, దుమ్ము పేరుకుంది, వాన పడింది, బురద అంటుకుంది. రెండోది సీసాల వరస. ఏ పూత మీద ఏ పూత వేస్తే కిందది కరగకుండా నిలుస్తుందన్న కెమిస్ట్రీ అది. ఏ మరక ఎక్కడ పడాలో మొదటి వరస చెబుతుంది, దాన్ని ఏ సీసాతో ఎప్పుడు వేయాలో రెండోది చెబుతుంది. చాలావరకు రెండూ ఒకే దారిలో పోతాయి. పోని చోట వార్నిష్ మధ్యలో నిలబడి గొడవ తీరుస్తుంది. ఈ ఒక్క సంగతి పట్టుబడితే మిగతా టెక్నిక్‌లన్నీ వాటంతట అవే సర్దుకుంటాయి.

మాటల్లో చెబితే గాలిలో ఉన్నట్టు ఉంటుంది కాబట్టి ఒక ట్యాంకును తీసుకుందాం. 1945లో బర్మాలో పోరాడిన షెర్మన్ అనే అమెరికన్ ట్యాంకు. ఇది నేను కావాలని ఎంచుకున్నాను. గంజాం వాళ్లకు బర్మా పరాయి దేశంగా ఉండేది కాదు. గోపాల్‌పూర్ రేవులో స్టీమరెక్కి కూలికీ వ్యాపారానికీ రంగూన్ పోయిన తెలుగు, ఒడియా కుటుంబాలు ఎన్నో. 1942లో రంగూన్ జపాన్ చేతికి పోయాక అక్కడి భారతీయులు లక్షల్లో తరలివచ్చారు, అడవులు కొండలు నడిచి దాటినవాళ్లే ఎక్కువ. మూడేళ్ల తర్వాత అదే దేశంలోకి తిరిగి వెళ్లిన ట్యాంకులు నడిపినవాళ్లలో మన రెజిమెంట్లు ఉన్నాయి: ప్రోబిన్స్ హార్స్, నిజాం సైన్యంలో పుట్టిన రాయల్ డెక్కన్ హార్స్. రెండూ 255వ ట్యాంక్ బ్రిగేడ్‌లోవే. జర్మన్ టైగర్, పాంథర్ మోడళ్లు ప్రతివాళ్లూ కడతారు. మన ఇళ్లలో ఈ కథ ఉండగా అటు పరిగెత్తడం నాకు నచ్చదు.

బర్మా అనగానే అందరికీ అడవి, బురద గుర్తొస్తాయి. కిట్ పూర్తవగానే చక్రాల నిండా నల్లటి బురద పూసేస్తారు. ఇక్కడే మొదటి వరస అక్కరకొస్తుంది: ఈ ట్యాంకు ఏ నెలలో, ఏ నేల మీద ఉంది? 1945 ఫిబ్రవరిలో ఐరావతి నది దాటి, 17వ భారత డివిజన్‌తో కలిసి ఈ బ్రిగేడ్ మెయిక్టిలా మీదికి దూసుకెళ్లింది. మార్చి మొదటి వారానికి ఊరు చేతికొచ్చింది. మెయిక్టిలా ఉన్నది మధ్య బర్మాలోని పొడి ప్రాంతంలో. అక్కడ మార్చి అంటే ఎండాకాలం, వాన చుక్క ఉండదు. నేల పాలిపోయిన గోధుమ రంగు దుమ్ము. అంటే మెయిక్టిలా షెర్మన్ మీద బురద ఉంటే అది తప్పు, తల నుంచి తోక దాకా దుమ్ము ఉండాలి. అదే బ్రిగేడ్ రంగూన్ వైపు దక్షిణంగా పరుగెత్తి పెగూ చేరేసరికి మే నెల మొదట్లోనే వానలు విరుచుకుపడ్డాయి. అప్పటి ట్యాంకుకైతే ఎండిన దుమ్ము మీద కొత్త బురద. రెండు నెలల తేడాతో అదే బండి రెండు వేర్వేరు మోడళ్లయిపోతుంది.

ఇంకా ముందుకు పోదాం. 1965 సెప్టెంబర్‌లో పంజాబ్ ఖేమ్‌కరణ్ దగ్గర అసల్ ఉత్తర్ యుద్ధంలో డెక్కన్ హార్స్ నడిపింది అప్పటికీ షెర్మన్లే. అక్కడ మనవాళ్లు పొలాలకు నీళ్లు వదిలారు. శత్రువు ప్యాటన్ ట్యాంకులు ఆ చెరకు తోటల బురదలో దిగబడ్డాయి. 1971 నవంబర్‌లో గరీబ్‌పూర్‌లో 45 కావల్రీ నడిపిన పీటీ-76 ట్యాంకులది బెంగాల్ ఒండ్రు నేల, బూడిద రంగు చాయ. వియత్నాం ఎత్తు ప్రాంతాల్లో తిరిగిన అమెరికన్ ఎం-48 అయితే ఎర్ర మట్టి. మన కొరాపుట్ ఘాట్ల మట్టి రంగు దానికి సరిగ్గా నప్పుతుంది, మెయిక్టిలా షెర్మన్‌కు అస్సలు నప్పదు. సొంత ఊరి మట్టి మీద ప్రేమతో దాన్ని అన్ని మోడళ్ల మీదా చల్లేవాళ్లున్నారు. మట్టి నిజమైనదే, కానీ ఆ ట్యాంకు మన ఊరికి రాలేదు కదా.

ఇక కొలతల సంగతి. దీని మీద కాస్త నిలబడాలి, ఎందుకంటే వెదరింగ్ చెడిపోయేది చాలాసార్లు ఇక్కడే. ట్యాంకు మోడళ్లలో ఎక్కువ నడిచేది 1/35 స్కేలు. ఇదేమీ ఇంజినీరింగ్ లెక్క కాదు. జపాన్ కంపెనీ టామియా 1960ల మొదట్లో తన తొలి మోటారు పాంథర్ ట్యాంకు చేసినప్పుడు లోపల బ్యాటరీలు పట్టేంత పొట్ట కావాలని సైజు నిర్ణయించింది, అది దాదాపు 1/35కి వచ్చింది, అదే ప్రపంచమంతా పాతుకుపోయింది. మన షెర్మన్ రకం ఎం4ఏ4. అసలు బండి పొడవు 6 మీటర్ల పైచిలుకు, మోడల్‌లో 17 సెంటీమీటర్లు. మనిషి 5 సెంటీమీటర్ల కన్నా తక్కువ.

ఇప్పుడు గీత గురించి ఆలోచించండి. మోడల్ మీద 1 మిల్లీమీటరు వెడల్పు గీత గీశామంటే అసలు ట్యాంకు మీద 35 మిల్లీమీటర్ల గీత గీసినట్టు, అంటే రెండు వేళ్ల వెడల్పు. అలాంటివి నలభై పెడితే అది అరిగిన రంగులా ఉండదు, గొడ్డలితో నరికినట్టు ఉంటుంది. అరమిల్లీమీటరు ఇసుక రేణువు 1/35లో దాదాపు 2 సెంటీమీటర్ల రాయి. గోపాల్‌పూర్ బీచ్ ఇసుక ఎంత సన్నగా కనిపించినా మోడల్ మీద అది కంకర. అందుకే మట్టి కోసం నేల తవ్వకుండా సుద్ద పాస్టెల్స్‌ను బ్లేడుతో గీకి పొడి చేసుకోవడం మేలు. నిజం మట్టే కావాలంటే పలచటి నూలు గుడ్డలో వేసి దులిపి, కింద పడిన పిండి లాంటి పొడి మాత్రమే తీసుకోవాలి. దాన్ని పెనం మీద బాగా వేడి చేస్తే తేమా బూజూ పోతాయి. చూసే దూరం కూడా లెక్కలోకి వస్తుంది. 30 సెంటీమీటర్ల దూరం నుంచి మోడల్‌ను చూడడమంటే పది మీటర్ల పైన నిలబడి అసలు ట్యాంకును చూడడం. పది మీటర్ల నుంచి మీకు ఒక బోల్టు చుట్టూ మురికి కనిపిస్తుందా? లీలగా కనిపిస్తుంది, నల్ల గీతలా కాదు. ఆ 'లీలగా' అన్నది చేతికి రావడమే వెదరింగ్ మొత్తానికి కష్టమైన పని.

అతికించే పనిని త్వరగా దాటేస్తాను. కిట్ ప్లాస్టిక్ పాలిస్టైరీన్. దాని సిమెంట్ జిగురు కాదు, ద్రావణి. రెండు ముక్కల అంచుల్ని కాస్త కరిగించి ఒకటి చేసి తను ఆవిరైపోతుంది. అందుకే ముక్కల్ని ముందు కలిపి పట్టుకుని, అతుకు మీద బ్రష్ కొస ఆనిస్తే చాలు, అదే సందులోకి లాక్కుంటుంది. ఫెవిక్విక్ రెసిన్ ముక్కలకూ ఇత్తడి రేకులకూ సరే, పారదర్శక ముక్కల దగ్గర వాడితే దాని ఆవిరికి అవి తెల్లబారతాయి. అచ్చు గీతలు గీకేయాలి. షెర్మన్ టరెట్ (ఫిరంగి ఉండే పై భాగం) పోత ఉక్కు, నున్నగా ఉండదు. దాని మీద సిమెంట్ పలచగా రాసి, మెత్తబడగానే గట్టి కుంచెతో పొడిస్తే పోత గరుకుదనం వస్తుంది. ఎం4ఏ4కి ఒక ప్రత్యేకత ఉంది. క్రైస్లర్ కంపెనీ ఐదు కారు ఇంజిన్లను కలిపి 30 సిలిండర్ల ఇంజిన్ చేసి దీనిలో పెట్టింది. అది పట్టాలని వెనక భాగం పొడవు పెంచారు, చక్రాల బోగీల మధ్య ఎడం పెరిగింది, ట్రాక్‌కు (చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టీకి) ఒక్కో వైపు 83 లింకులు. మామూలు షెర్మన్‌కు 79. వేరే షెర్మన్ కిట్ మీద డెక్కన్ హార్స్ గుర్తులు అతికించేసే ముందు ఈ తేడా చూసుకోవాలి.

ఇక రెండో వరస, సీసాలు. మన ఊళ్లలో రంగుల షాపుకెళ్లి థిన్నర్ అడిగితే మొదట చేతిలో పెట్టేది ఎన్‌సీ థిన్నర్. ఫర్నిచర్ పాలిష్‌కు బాగుంటుంది గానీ, పాలిస్టైరీన్‌ను తినేస్తుంది. రంగు చిమ్మే గన్ (ఎయిర్‌బ్రష్) కడగడానికి తప్ప మోడల్ దగ్గరికి తేకూడదు. మనకు కావలసింది మినరల్ టర్పెంటైన్. ఈ రెండింటి మధ్య తేడా అర్థమైతే సీసాల వరస మొత్తం అర్థమైనట్టే. బలమైన ద్రావణితో నడిచేవి లాకర్ రంగులు. నీళ్లతో, ఆల్కహాల్‌తో పలచబడేవి యాక్రిలిక్‌లు. టర్పెంటైన్‌తో పలచబడేవి ఎనామెల్, ఆర్టిస్ట్ ఆయిల్ రంగులు. బాగా ఆరిన యాక్రిలిక్‌ను టర్పెంటైన్ కదపలేదు. కాబట్టి అడుగున యాక్రిలిక్, పైన ఆయిల్. పైన వేసింది నచ్చకపోతే టర్పెంటైన్ తడిపిన కుంచెతో తుడిచేయొచ్చు, కింది రంగు చెక్కుచెదరదు. వెదరింగ్‌లో మనకున్న ధైర్యమంతా ఈ ఒక్క గుణం నుంచే వస్తుంది. దీన్ని తిరగేసి, ఎనామెల్ అడుగున వేసి పైన టర్పెంటైన్ వాష్ (బాగా పలచగా కలిపిన రంగు) పోస్తే ముద్దలు లేస్తాయి.

కాబట్టి ప్రైమర్ (రంగు పట్టడానికి వేసే అడుగు పూత) తర్వాత అసలు రంగు యాక్రిలిక్. టామియాలో అయితే ఎక్స్‌ఎఫ్-62 ఆలివ్ డ్రాబ్. సీసాలోంచి నేరుగా వేస్తే మోడల్ మీద మరీ ముదురుగా కనిపిస్తుంది. పెద్ద వస్తువును ఆరుబయట దూరం నుంచి చూసినప్పుడు దాని రంగు పాలిపోతుంది, చిన్న వస్తువును గదిలో చేతిలో పట్టుకుని చూస్తే అలా జరగదు. అందుకే కాస్త బఫ్ (లేత పసుపు గోధుమ రంగు) కలిపి లేత చేయాలి. పై భాగాలు లేతగా, కింది భాగాలు ముదురుగా వేసే పద్ధతి ఒకటుంది. స్పెయిన్ మోడలర్లు 2000ల తర్వాత దాన్ని ప్రపంచమంతా పాకించారు. ఫొటోల్లో అదిరిపోతుంది. నా మటుకు నేను అందులో సగం చాలంటాను. లేకపోతే ట్యాంకు ఎండలో కాక స్టేజీ లైటు కింద నిలబడ్డట్టు ఉంటుంది. మా కోస్తాలో ఇంకో చిక్కు ఉంది. జులై, ఆగస్టుల్లో గాలిలో తేమ ఎక్కువ, ఆ రోజుల్లో లాకర్ స్ప్రే చేస్తే పూత మీద తెల్లటి పొర పడుతుంది. ద్రావణి ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి గాలిలోని తేమను పట్టుకోవడమే దానికి కారణం. వాన వెలిసి ఎండ కాసిన మధ్యాహ్నం కోసం ఆగడం తప్ప దానికి మంచి మందు లేదు.

రంగు ఆరాక గ్లాస్ వార్నిష్, అంటే మెరుపునిచ్చే వార్నిష్. మ్యాట్‌గా, అంటే మెరవకుండా ఉండాల్సిన యుద్ధ ట్యాంకుకు మెరుపు ఎందుకని అందరికీ అనుమానం వస్తుంది. మ్యాట్ ఉపరితలం అంటే కంటికి కనపడని గరుకు. దాని మీద డీకాల్ (నీళ్లలో తడిపి అంటించే గుర్తుల బొమ్మ) పెడితే ఆ గుంటల్లో గాలి చిక్కుకుని వెండి పొరలా మెరుస్తుంది. వాష్ పోస్తే ఎక్కడిదక్కడ ఇంకి మరక కడుతుంది. గ్లాస్ పూత మీద అయితే డీకాల్ అతుక్కుపోతుంది, వాష్ జారి మనం కోరుకున్న మూలలోకి పోతుంది. ఈ మెరుపు తాత్కాలికం, చివర్లో మ్యాట్ వార్నిష్ దాన్ని కప్పేస్తుంది.

అరిగిన రంగు గురించి ఒక మాట. ఛత్రపురం వైపు రోడ్డు పక్కన ఆపి ఉన్న ఒక ఎక్స్‌కవేటర్‌ను దగ్గరగా చూస్తుంటే దాని ఆపరేటర్, శ్రీకాకుళం కుర్రాడు, "ఏటండీ, బండిని అలాగ సూస్తన్నారు?" అని దగ్గరికొచ్చాడు. సంగతి చెప్పాను. "రంగు ఊరికే పోదండి. కాలెట్టిన కాడ, చెయ్యేసిన కాడ పోద్ది. మిగతాదంతా మట్టే, కడిగితే కొత్త బండే" అన్నాడు. చిప్పింగ్ (అరిగి ఊడిన రంగును చూపించడం) మీద నేను విన్న పాఠాల్లో దీన్ని మించింది లేదు. ఆ బండి మెట్టు అంచు అద్దంలా మెరుస్తోంది, పక్కనే నాలుగు వేళ్ల దూరంలో రంగు నిక్షేపంగా ఉంది. షెర్మన్ మీద కూడా అంతే. డ్రైవర్ హ్యాచ్ అంచులు, కమాండర్ ఎక్కేటప్పుడు పట్టుకునే చోటు, పనిముట్లు కట్టిన క్లాంపుల చుట్టుపక్కల, ముందు ఫెండర్ కొసలు. మనిషి చెయ్యీ కాలూ తగలని హల్ (ట్యాంకు ప్రధాన శరీరం) పక్క గోడ మధ్యలో చిప్పింగ్ ఉందంటే దానికి ఏదో చెట్టు కొమ్మో, గోడో సమాధానం చెప్పాలి.

గీత కింద ఏ రంగు కనిపించాలన్నది కూడా ఆలోచించాల్సిందే. చాలామంది వెండి రంగు పూసేస్తారు. ఫ్యాక్టరీ ఆలివ్ డ్రాబ్ మీద తర్వాత మరో ఆకుపచ్చ వేసిన ట్యాంకు అయితే పైపూత అరిగిన చోట మొదట కనిపించేది పాత ఆలివ్ డ్రాబ్. ఇంకా లోతుగా పోతే ప్రైమర్. ఇనుము దాకా పోయిన చోట ఒకటి రెండు రోజుల్లో ముదురు గోధుమ రంగు తుప్పు పొర వస్తుంది. నిత్యం రాపిడి ఉన్న చోట మాత్రమే ఇనుము ఇనుములా మెరుస్తుంది. నారింజ రంగు తుప్పు ధారలు కట్టడమనేది ఏళ్ల తరబడి పడి ఉన్న శిథిలాల లక్షణం. 1945 మార్చిలో నడుస్తున్న షెర్మన్‌కు సిబ్బంది ఐదుగురు, వాళ్లు రోజూ దాన్ని చూసుకునేవాళ్లు. ఎర్రగా తుప్పు పట్టడానికి న్యాయమైన చోటు ఒకటుంది: ఎగ్జాస్ట్. వేడికి అక్కడ రంగు నిలవదు.

రెండు పూతల అరుగుదలకు హెయిర్ స్ప్రే పద్ధతి బాగా పనిచేస్తుంది. పాత రంగు వేసి, దాని మీద వార్నిష్ వేసి, ఆరాక తలకు కొట్టుకునే మామూలు హెయిర్ స్ప్రే ఒకటి రెండు పూతలు కొట్టి, దాని మీద కొత్త రంగు పలచగా వేయాలి. అరగంట గంట ఆగి, నీళ్లు తడిపిన కుంచెతో అనుకున్న చోట మెల్లగా రుద్దితే హెయిర్ స్ప్రే నీళ్లకు కరిగి పైరంగు పొరలుగా ఊడి వస్తుంది. పైరంగు యాక్రిలిక్ అయ్యుండాలి, నీళ్లు దాని గుండా కిందికి చేరాలి కదా. అక్కడితో పైన వార్నిష్ వేసి దాన్ని మూసేయకపోతే తర్వాత ఎక్కడ చెమట చెయ్యి తగిలినా ఊడుతూనే ఉంటుంది. ఒకే పూత ఉన్న ట్యాంకుకు ఇంత హంగామా అక్కర్లేదు, స్పాంజి ముక్కను ముదురు గోధుమ రంగులో ముంచి, కాగితం మీద దాదాపు మొత్తం ఒత్తేసి, మిగిలిందాన్ని అంచుల మీద తాకిస్తే సరిపోతుంది.

తర్వాత వాష్. బెల్జియం మోడలర్ ఫ్రాంస్వా వెర్లిండెన్ 1980లలో వాష్‌నూ, డ్రై బ్రషింగ్‌నూ (దాదాపు పొడి కుంచెతో ఎత్తైన అంచులకు రంగు తాకించడం) ఎంతో పేరుకు తెచ్చారు. అప్పట్లో మోడల్ మొత్తం మీద వాష్ పోసేవాళ్లు. ఇప్పుడు బోల్టు పక్కన, అతుకు వెంట, మూలల్లో మాత్రమే పెడుతున్నారు, అదే పిన్ వాష్. దీనికి ఖరీదైన సీసాలు అవసరం లేదు. స్టేషనరీ షాపులో దొరికే ఆర్టిస్ట్ ఆయిల్ ట్యూబు, బర్న్ట్ అంబర్ రంగు, దానికి మినరల్ టర్పెంటైన్. ట్యూబులోంచి తీసిన రంగును ముందు అట్టముక్క మీద పెట్టి ఓ గంట వదిలేయాలి. అట్ట నూనెను పీల్చేస్తుంది. అప్పుడది త్వరగా ఆరుతుంది, ఆరాక మెరవదు. టర్పెంటైన్‌లో కలిపాక నీళ్ల మజ్జిగ కన్నా పలచగా ఉండాలి. సన్న కుంచె కొసను బోల్టు మొదట్లో ఆనిస్తే చుట్టూ తనే పరుగెత్తుతుంది. పావుగంట అయ్యాక శుభ్రమైన కుంచెను టర్పెంటైన్‌తో తడిపి, దాదాపు ఆరేదాకా తుడిచి, ఆ కుంచెతో అంచుల్ని చెదరగొట్టాలి. గట్టి గీత పోయి నీడ మిగులుతుంది. ఇంతకు ముందు చెప్పిన 'లీలగా' అన్నది వచ్చేది ఈ చెదరగొట్టడంలోనే, పూయడంలో కాదు. నల్ల రంగు మాత్రం వాడకండి. ఆరుబయట మురికి ఎప్పుడూ నల్లగా ఉండదు, డీజిల్ షెడ్డులో తప్ప. ఇంకో జాగ్రత్త: చక్రాల ఇరుసుల దగ్గర, బిగువుగా వంగి అతుక్కున్న ముక్కల దగ్గర టర్పెంటైన్ మడుగు కట్టకూడదు. ఒత్తిడిలో ఉన్న ప్లాస్టిక్‌లోకి అది ఇంకితే ముక్క పెళుసై పగులుతుంది.

వాష్ ఆరాక మ్యాట్ వార్నిష్, దాని మీద దుమ్ము. మెయిక్టిలా షెర్మన్‌కు ప్రాణం ఇదే కాబట్టి దీని మీద ఎక్కువ సమయం పెట్టాలి. దుమ్ము అన్ని చోట్లా ఒకేలా పడదు. ట్రాక్‌లు లేపిన దుమ్ము వెనక సుడి తిరిగి వెనక పలకకు అంటుకుంటుంది, అందుకే ట్యాంకు వెనక భాగం ముందు భాగం కన్నా ఎప్పుడూ మట్టిగొట్టుకుని ఉంటుంది. చదునైన చోట్ల, మూలల్లో నిలుస్తుంది. మనుషులు కూర్చునే, నడిచే చోట తుడుచుకుపోతుంది. పాలిపోయిన గోధుమ, బఫ్, కాస్త బూడిద కలిపిన పొడిని పొడి కుంచెతో ఆ చోట్ల ఉంచి, మరో కుంచెతో టర్పెంటైన్ చుక్కను పక్కనుంచి తాకిస్తే పొడి అంతా తడిసిపోతుంది. తడిసినప్పుడు ముదురుగా మారి కంగారు పెడుతుంది. రాత్రంతా వదిలేస్తే మళ్లీ లేత రంగులోకి వస్తుంది, అప్పటిదాకా ఇంకా పొడి చల్లకూడదు. పొడి నిలపడానికి కొందరు మెడికల్ షాపు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడతారు. త్వరగా ఆరుతుంది నిజమే. కానీ అడుగున ఉన్నది టామియా యాక్రిలిక్ అయితే ఆల్కహాల్ దాని సొంత ద్రావణి. మధ్యలోని వార్నిష్ పలచగా ఉంటే దాన్నీ దాటి కింది రంగును కదుపుతుంది. మళ్లీ సీసాల వరస దగ్గరికే వచ్చాం చూడండి.

పెగూ ట్యాంకు కావాలంటే ఇక్కడ నుంచి దారి మారుతుంది. మొదట ఇదే దుమ్ము వేయాలి. దాని మీద వాన పడినట్టు, టర్పెంటైన్ తడిపిన చదును కుంచెతో నిలువు పలకల మీద పై నుంచి కిందికి లాగాలి. దుమ్ము కడుక్కుపోయి చారలు మిగులుతాయి. అడుగు భాగంలో ప్లాస్టర్ ఆఫ్ పారిస్, పొడి రంగు, కాస్త యాక్రిలిక్ మీడియం కలిపిన ముద్ద. ఎండిన పాత బురద లేత రంగు, నున్నగా మెరవని గరుకు. దాని మీద కొత్త బురద ముదురు, తడిగా ఉన్న చోట గ్లాస్ వార్నిష్ కలపాలి. బురద చక్రాల బయటి ముఖం మీద నిలవదు, తిరిగే వేగానికి అంచులకు చిమ్ముతుంది. నిలిచేది బోగీల మధ్య సందుల్లో, హల్ అడుగున.

ట్రాక్‌ల దగ్గర ఎంతోమంది ఆలోచించకుండా వెండి రుద్దేస్తారు. షెర్మన్ ట్రాక్‌లు చాలా రకాలు. కొన్నింటికి ప్యాడ్ రబ్బరు, కొన్నింటికి ఉక్కు. రబ్బరు ప్యాడ్ మెరవదు, దుమ్ము పట్టి బూడిద రంగులోకి మారుతుంది. మెరిసేది రెండు చివర్లా లింకుల్ని కలిపే ఉక్కు కనెక్టర్లు, స్ప్రాకెట్ (ట్రాక్‌ను తిప్పే చక్రం) పళ్లు తగిలే చోటు. అక్కడ గ్రాఫైట్ పెన్సిల్ పొడిని వేలితో రుద్దితే వెండి రంగు కన్నా నిజంగా ఉంటుంది. ఉక్కు రకం ట్రాక్ అయితేనే నేల తాకే గట్లు మెరవాలి. కాబట్టి మీ కిట్‌లో ఉన్నది ఏ ట్రాకో చూసుకుని మొదలుపెట్టండి.

రెండు వరసలూ ఢీకొనే చోటు ఒకటి చూపిస్తాను. దుమ్ము పట్టిన ట్యాంకులోకి పెట్రోలు నింపుతుంటే మూత దగ్గర కాస్త ఒలికిందనుకోండి. ట్యాంకు జీవితంలో దుమ్ము ముందు, ఒలకడం తర్వాత. కానీ ఆ మరకను ఆయిల్ రంగు, టర్పెంటైన్, కాస్త గ్లాస్ వార్నిష్ కలిపి వేస్తే టర్పెంటైన్‌తోనే నిలబెట్టిన కింది దుమ్మును అది లేపేస్తుంది. కాబట్టి దుమ్ము పూర్తయ్యాక ఆ చిన్న చోటు వరకే యాక్రిలిక్ మ్యాట్ వార్నిష్‌ను ఎయిర్‌బ్రష్‌తో దూరం నుంచి పొగలా పట్టించి, ఆరనిచ్చి, అప్పుడు మరక వేయాలి. మ్యాట్ వార్నిష్ పడిన దుమ్ము కాస్త ముదురుతుంది. మరక చుట్టూ మళ్లీ చిటికెడు పొడి అద్దితే ఆ తేడా మాసిపోతుంది. ఒలికిన మరక మధ్యలో ముదురుగా మెరుస్తూ, అంచుల్లో పాతబడి మాసిపోయి ఉండాలి, ఎందుకంటే ఆ మూత దగ్గర ఒలకడం అదే మొదటిసారి కాదు.

పొడి దుమ్ము వేసిన మోడల్ మొత్తం మీద చివర్లో మళ్లీ వార్నిష్ కొట్టకూడదు. కొడితే ఆ దుమ్ము మెత్తదనం పోయి రంగు పూసినట్టు అయిపోతుంది. దానికి బదులు మోడల్‌ను ఒక చెక్క మీద స్క్రూతో బిగించి, పట్టుకోవాలన్నా తిప్పాలన్నా ఆ చెక్కనే పట్టుకోవడం అలవాటు చేసుకోవాలి. పెట్టేది మూత ఉన్న గాజు పెట్టెలో, సిలికా జెల్ పొట్లంతో. సముద్రపు గాలి తగిలే మా ఊళ్లలో ఇత్తడి రేకు ముక్కలు నల్లబడకుండా ఉండడానికి అది కావాలి. ఫ్యాను గాలికి ఇంట్లో పట్టే దుమ్ము మన దుమ్ములా ఉండదు, అందులో నూలు పోగులుంటాయి, 1/35లో అవి మోకులంత కనిపిస్తాయి. పోగు పడితే కుంచెతో తుడవకండి, పొడి రంగు లేచిపోతుంది. కెమెరా లెన్సుకు వాడే రబ్బరు బల్బుతో పక్క నుంచి ఊది, అప్పటికీ పోకపోతే సన్న పట్టకారుతో తీయండి.